కాయ అమ్మేసిన తోటలో మూడు చుట్లు

"అమ్మగారూ, ఆగండి. ఇక లోపలికి రావద్దండి."

"ఎవర్నే ఆగమంటున్నావు? తోట ఎవరిదో తెలిసే మాట్లాడుతున్నావా?"

"తోట మీదేనండి. కాయ మీది కాదు. పూతమీదే అమ్మేశారుగా."

"నేను కాయల కోసం వస్తున్నానా? పరిగెత్తుకోవడానికి వస్తున్నాను. రోజూ నీ కళ్ళ ముందేగా తిరుగుతున్నాను."

"నా కళ్ళ ముందేనండి. నిన్న కాయ కొన్నాయన కళ్ళలో కూడా పడింది. కంచె పక్క వరసంతా బూట్ల గుర్తులు, చెట్ల కింద రాలిన కాయ ఒక్కటీ లేదు. 'కాపలా కాస్తున్నావా, నిద్రపోతున్నావా' అని నన్ను నిలదీశాడు. ఏం చెప్పమంటారు?"

"అయితే నన్ను దొంగంటావు."

"మిమ్మల్ని నేనేమీ అన్లేదండి. బూట్లన్నాను."

ఆ బూట్లు నా కాళ్ళకే ఉన్నాయి. మా మనవరాలు హైస్కూల్లో డ్రిల్లు క్లాసుకి వేసుకున్న తెల్ల క్యాన్వాసు జోడు అది. దాని కాలు పెరిగి బిగుతైపోయింది. అడుగు అరగని జోడు పారేయడానికి మనసొప్పక నేను తొడుక్కున్నాను. కుడి బూటు బొటనవేలి దగ్గర చిరిగితే గోనెసంచి కుట్టే సూదితో, పురికొసతో నేనే కుట్టుకున్నాను. కుట్టు పైనే కాబట్టి కుడి అడుగు గుర్తుకీ ఎడమ అడుగు గుర్తుకీ తేడా లేదు గానీ, ఆగిరిపల్లి చుట్టుపక్కల మామిడి తోటల్లో పొద్దున్నే బూట్లేసుకుని తిరిగే ముసలిది నేను తప్ప ఇంకొకరు లేరు. నేను కాదనడానికి వీల్లేదు.

గేటుకి అడ్డంగా తుమ్మకంప లాగి నిలబడ్డ ఆ మనిషి నాకు కొత్తది కాదు. నాకంటే ఐదారేళ్ళు చిన్నది. వయసులో ఉన్నప్పుడు మా తోటకే కోత కూలికి వచ్చేది. ఇప్పుడు చెట్టెక్కలేదు, గంప మొయ్యలేదు. అందుకని కాయ కొన్నాయన ఈ ఏడు ఆమెను కావలికి పెట్టాడు. తోట మధ్యలో తాటాకు పాక వేసుకుని ఉంటోంది. నేను పరిగెడుతుంటే పాక ముందు కూర్చుని పళ్ళు తోముకుంటూ చూసేది. ఒకటి రెండుసార్లు నవ్వింది కూడా. ఆ రోజు నవ్వలేదు.

"కాయ అమ్మాక ఓనరైనా సరే కంచె దాటకూడదని మీరే గదండీ అనేవారు," అంది. "మీ అమ్మాయి చిన్నప్పుడు ఒక కాయ ఏరుకొస్తే చెంప మీద కొట్టి, ఆ కాయ మళ్ళీ కావలివాడి చేతిలో పెట్టించారు. నేనక్కడే ఉన్నాను."

అది నిజం. అందుకే ఒళ్ళు మండింది.

"నేను ఒక్క కాయ ముట్టినట్టు రుజువు చెయ్యి. అప్పుడు మాట్లాడు," అని వెనక్కి తిరిగాను.

కోపంతో నడుస్తున్నాను గానీ కాళ్ళు ఊరుకోవడం లేదు. ఆ వేళకి వాటికి అలవాటైన పని ఒకటుంది. అది జరగలేదు.

ఆ పని ఎలా అలవాటైందో చెప్పాలి. నేను ఒకచోట కూర్చోగలిగిన మనిషిని కాను. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ నలభై ఏళ్ళు తోటకీ ఇంటికీ మధ్య తిరిగాను. మా ఆయన పోయాక అబ్బాయి పనులన్నీ తన చేతుల్లోకి తీసుకున్నాడు. మంచిదే. బోరు మోటారు కూడా ఫోన్లోనే వేస్తాడు, ఫోన్లోనే ఆపుతాడు. ఇంట్లో మిక్సీ ఉంది, కుళాయి ఉంది. కోడలు నన్ను గిన్నె ముట్టనివ్వదు. అందరూ కలిసి నన్ను సుఖపెట్టారు. ఆ సుఖంలో నాకు కాళ్ళు లాగడం మొదలైంది. తెల్లవారుజామున నాలుగింటికి మెలకువ వచ్చేది. లేచి చేసేదేమీ లేదు. పడుకుంటే పిక్కల్లో చీమలు పాకినట్టు ఉండేది. నూజివీడులో డాక్టరుకి చూపిస్తే షుగరు కొంచెం ఉందన్నాడు, నడవమన్నాడు. నడిచాను. నడిచిన కొద్దీ ఇంకా చిరాకెక్కువైంది. ఇంట్లో మిగిలిపోయిన మాటలన్నీ నడకలోనే గుర్తుకొచ్చేవి.

పోయిన కార్తీకంలో ఒక పొద్దున తోటలో సగం దూరం వెళ్ళాక, పొయ్యి మీద పాలు పెట్టి మరిచానని గుండె గుభేలుమంది. ఇంటికి పరిగెత్తాను. పరుగంటే పరుగు కాదు. ఈ వయసులో పడితే లేవనని భయం. అందుకని చిన్న చిన్న అడుగులు, పాదం నేలకి దగ్గరగా ఎత్తి వేస్తూ, నడక కంటే కాస్త ఎక్కువగా. ఇంటికెళ్ళి చూస్తే పొయ్యి వెలిగించనే లేదు. పాలు ఫ్రిజ్‌లోనే ఉన్నాయి. నా మతిమరుపుకి నన్ను నేనే తిట్టుకున్నాను. అప్పుడు గమనించాను, ఆయాసం లేదు. పిక్కల్లో చీమలు లేవు. ఒళ్ళు కమ్మగా వెచ్చబడింది. కాళ్ళు ఇంకా కావాలంటున్నాయి. ఎవరూ చూడకుండా మళ్ళీ తోటకెళ్ళి, పాలు లేకుండానే పరిగెత్తాను.

మనవరాలు నూజివీడులోనే హాస్టల్లో ఉండి ఇంజనీరింగు చదువుతోంది. దానికొక్కదానికి ఫోన్లో చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. "నాయనమ్మా, దాన్ని స్లో జాగింగ్ అంటారు. రొప్పకుండా మాట్లాడుకుంటూ పరిగెత్తగలిగితే అదే కరెక్టు స్పీడు. గొప్పకి పోయి స్పీడు పెంచకు," అంది. మాట్లాడ్డానికి తోటలో నాకెవరున్నారు? చెట్లతో మాట్లాడే పిచ్చి నాకు లేదు. నేను చదివింది నాలుగో తరగతి. అప్పుడు వచ్చిన ఎక్కాలు ఇంకా మరచిపోలేదు. అవి పైకి చెప్పుకుంటూ పరిగెత్తడం మొదలుపెట్టాను. రెండు ఒకట్ల రెండు, రెండు రెళ్ళు నాలుగు. ఎక్కం మధ్యలో ఊపిరి తెగితే జోరెక్కువైనట్టు. అడుగు తగ్గిస్తాను. మాది రెండెకరాల తోట. ఒక చుట్టుకి ఇంచుమించు నాలుగు ఎక్కాలు. మూడో చుట్టు తిరిగి గేటు దగ్గరికొచ్చేసరికి పన్నెండో ఎక్కం అయిపోతుంది. పదమూడో ఎక్కం చెప్పేలోపే నన్ను బడి మాన్పించారు కాబట్టి నా పరుగు కూడా అక్కడితో ఆఖరు.

ఆ మూడు చుట్లలో ఏముందంటే చెప్పడం కష్టం. దున్నిన నేల మెత్తగా ఉంటుంది. పాదు పక్కనుంచి ఒరిగి, కొమ్మ తగలకుండా తల వంచి, మళ్ళీ తల ఎత్తుకుంటాను. పూత రోజుల్లో ముఖానికి సన్నటి పుప్పొడి అంటేది. పిందె రోజుల్లో ఆ వాసన పోయి చెట్లు పచ్చివాసన వేశాయి. మొదటి చుట్టులో అబ్బాయి మీద కోపం ఉంటే రెండో చుట్టుకి అది తగ్గేది, మూడో చుట్టుకి అసలెందుకు కోపమో గుర్తుండేది కాదు. పైసా ఖర్చు లేదు. నా జన్మలో నేను ఎవరి కోసమూ కాకుండా, ఏ పనీ తెమలకుండా చేసిన పని ఇదొక్కటే. ఆ మాట ఇంట్లో చెప్పలేదు. షుగరు కోసం అని చెప్పాను.

ఇప్పుడు దానికి అడ్డంగా తుమ్మకంప పడింది.

ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు. తోట లేకపోతే రోడ్డు లేదా అనుకుని నూజివీడు రోడ్డెక్కి పరుగు మొదలుపెట్టాను. రెండో ఎక్కం కూడా కాలేదు, ఒకాయన మోటారు సైకిలు పక్కకి తీసి ఆపాడు.

"ఏం మామ్మగారూ, బస్సు తప్పిపోయిందా? ఎక్కండి, ముందు స్టాపులో అందుకుందాం."

"బస్సు లేదు, ఏం లేదు. నువ్వెళ్ళు బాబూ."

"మొహమాటపడకండి. అటే వెళ్తున్నాను."

"అబ్బాయ్, నేను ఊరికే పరిగెడుతున్నాను."

"ఊరికేనా?" అని అతను వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ వెళ్ళాడు. అతను కనుమరుగవకముందే ఒక ఆటో ఆగింది. "ఎవరికైనా బాగోలేదా పెద్దమ్మా?" అని లోపలున్న ఆడవాళ్ళు తలలు బయటపెట్టి అడిగారు. ఈలోపు టీ బడ్డీ దగ్గరి కుక్క ఒకటి నా వెనక పడింది. నేను నెమ్మదిగా పరిగెడుతుంటే అది నాకంటే నెమ్మదిగా, అరుస్తూ వచ్చింది. తారు గట్టిదనానికి మోకాలు చురుక్కుమంది. వెనక్కి వచ్చేశాను.

ఇంటి మేడ మీద ప్రయత్నించాను. ఇటు పది అడుగులు, అటు పది అడుగులు, తిరిగినప్పుడల్లా తల తిరుగుడు. మూడో ఎక్కంలో ఉండగా కోడలు మెట్ల దగ్గరికి వచ్చి అరిచింది.

"అత్తయ్యా! పైన ఏం దంచుతున్నారు? హాల్లో ఫ్యాను ఊగుతోంది!"

"ఏమీ దంచడం లేదు. గాలి పీల్చుకుంటున్నాను."

"ఆ పీల్చేదేదో కూర్చుని పీల్చకూడదా?"

దిగి వచ్చి వసారాలో కుర్చీలో కూర్చున్నాను. లేచాను. పెరట్లోకెళ్ళి ఎండిన కొబ్బరాకులు ఏరాను. చీపురు పుల్లలు చీరుదామని కూర్చుని మధ్యలో వదిలేశాను. ఆ మనిషి అన్న మాట చెవిలోనే ఉంది. బూట్లట. నలభై ఏళ్ళలో ఒకరి గడ్డిపరక ముట్టని దాన్ని. మనసులో ఆమెకు చెప్పాల్సిన జవాబులన్నీ వరసగా పేర్చుకుంటున్నాను. ఒకదానికంటే ఒకటి పదునుగా వస్తున్నాయి.

పదకొండింటికి కోడలు వంటింట్లోంచి పిలిచింది.

"అత్తయ్యా, ఇవాళ పప్పులోకి మామిడికాయ తేలేదా? బుట్టలో నిన్నటివి రెండే ఉన్నాయి. ఒకటి వేసెయ్యనా?"

"ఏం మామిడికాయ?"

"అదేంటండీ, రోజూ మీరు తెచ్చేదే. పొద్దున్నే వచ్చి బుట్టలో పడేస్తున్నారుగా."

వెళ్ళి చూశాను. బియ్యం డబ్బా పక్కన వెదురు బుట్టలో రెండు పచ్చికాయలు ఉన్నాయి. ముచ్చిక దగ్గర సొన కారి ఎండి నల్లబడింది. ఒకదానికి ఓ పక్క దెబ్బ తగిలి మెత్తబడింది. రాలిన కాయలు. మా కంచె పక్క వరసలోని బంగినపల్లి కాయలు.

ఎప్పుడు తెచ్చానో నాకు తెలుసు, తెలియదు కూడా. పరిగెడుతుంటే కాళ్ళ ముందు కాయ కనబడుతుంది. పడి ఉన్నదాన్ని అలా వదిలేస్తే మధ్యాహ్నానికి చీమలు పట్టి పాడైపోతుంది. పాడైపోయేదాన్ని చూస్తూ దాటిపోవడం నా చేతికి చేతకాదు. జోరుగా పరిగెత్తే మనిషైతే ఆగాలి, వంగాలి, ఆ ఆగడంలో ఏం చేస్తున్నానో తెలిసొస్తుంది. నా పరుగుకి ఆగక్కర్లేదు. ఎక్కం చెప్పుకుంటూనే వంగి, తీసి, కొంగులో వేసి బొడ్లో దోపుకుని వెళ్ళిపోయాను. ఏడు ఎనిమిదులు యాభై ఆరు అంటూ దొంగతనం చేశాను. ఇంట్లో వారం రోజులుగా ఆ పప్పే తిన్నాం. బాగుందని నేనే రెండోసారి వేసుకున్నాను.

"వేసెయ్యనా?" అని కోడలు మళ్ళీ అడిగింది.

"ముట్టుకోకు," అన్నాను. పచ్చడి మెతుకులు తిని లేచాను.

మధ్యాహ్నమంతా మంచమ్మీద ఇటు దొర్లి అటు దొర్లాను. కాయలు ఇచ్చెయ్యాలి, అందులో సందేహం లేదు. ఆ తర్వాత సంగతే తెగడం లేదు. ఇచ్చేస్తే ఒప్పుకున్నట్టు. ఒప్పుకుంటే ఇక గేటు మూసుకున్నట్టే. నేను ఆ స్థానంలో ఉంటే గేటు తియ్యను. తియ్యలేదు కూడా.

అది కూడా చెప్పాలి. కొన్నేళ్ళు మేము కాయ అమ్మకుండా సొంతంగా కోయించేవాళ్ళం. సాయంత్రం పని దిగాక కూలి ఆడవాళ్ళు గేటు దగ్గర వరసగా నిలబడాలి. ఒక్కొక్కరూ బొడ్లో దోపిన కొంగు విప్పి, ఒడి దులిపి, అన్నం క్యారేజీ మూత తీసి చూపించి వెళ్ళాలి. ఆ పద్ధతి నేను పెట్టిందే. మా ఆయన "ఎందుకే, ఇంటికో కాయ తీసుకుపోతే మునిగిపోతామా" అనేవారు. నేను ఒప్పుకోలేదు. గేటు పక్కన పీట వేసుకుని కూర్చుని చూసేదాన్ని. ఒక రోజు ఈ మనిషి ఒడిలోంచే ఒక చిన్న రసం మామిడికాయ జారి నా పీట దగ్గరికి దొర్లింది. కాయ తీసుకుని, రేపట్నుంచి రావద్దన్నాను. అందరి ముందూ అన్నాను. నాలుగో రోజు మనుషులు చాలక నేనే కబురు చేస్తే వచ్చింది. ఆ సంగతి ఆమె ఎప్పుడూ ఎత్తలేదు. పొద్దున గేటు దగ్గర అంత మాటా మాటా అనుకున్నప్పుడు కూడా ఎత్తలేదు. మా అమ్మాయిని కొట్టింది చెప్పింది గానీ తన సంగతి చెప్పలేదు.

ఎండ తగ్గాక ఆ రెండు కాయలూ గుడ్డసంచిలో వేసుకుని వెళ్ళాను. ఆమె పాక ముందు పొయ్యి రాజేస్తోంది. నన్ను చూసి లేచి గేటు దాకా వచ్చింది. కంప తియ్యలేదు. కంప మీదుగా సంచి అందించాను.

"రుజువు అడిగానుగా. ఇదిగో."

విప్పి చూసింది. ఆశ్చర్యపోలేదు.

"రెండేనా అండి?"

"మిగతావి తినేశాం."

"నాకు తెలుసండి," అంది. "మొదటి రోజే చూశాను. వంగి తీసుకుని ఏదో లెక్క చెప్పుకుంటూ వెళ్ళిపోయారు. దొంగలెవరూ పైకి లెక్కలు చెప్పుకుంటూ ఎత్తుకుపోరని ఊరుకున్నాను."

"చూసినప్పుడే చెప్పొచ్చుగా."

"మీకు చెప్పేదెవరండి?"

ఆమె కాయలు తిప్పి చూసి, దెబ్బ తగిలిన దాన్ని విడిగా పెట్టింది.

"కాయ కొన్నాయనకి చెప్పు," అన్నాను. "ఓనరు తల్లే తీసుకుందని చెప్పు. నీ మీదకి రానివ్వకు."

"చెప్తానులెండి. కోత దగ్గరికొచ్చింది. ఇంకో నెలన్నర ఆగితే కాయంతా దిగిపోద్ది. అప్పుడు మీ ఇష్టం, పొద్దంతా పరిగెత్తండి."

"నెలన్నర ఆగలేను."

"అంత అవసరమా అండి?"

"అవసరం," అన్నాను. షుగరు అనబోయి అనలేదు. "ఇవాళ ఒక్క రోజు లేకపోతే ఇంట్లో ఎక్కడా కాలు నిలవలేదు. రోడ్డు మీద పరిగెడితే బస్సు తప్పిపోయిందా అంటున్నారు."

అప్పుడు నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. నవ్వు ఆగాక కంప వైపు చూసింది, నా బొడ్లో దోపిన కొంగు వైపు చూసింది. ఏదో చెప్పబోయి ఆగింది.

"చెప్పు," అన్నాను.

"మీరు వచ్చి తిరగండి, నేనేమీ అనను. వెళ్ళేటప్పుడు మాత్రం..." అని మళ్ళీ ఆగింది.

"ఒడి దులపాలి."

"అందరికీ అదేనండి. మీకు తెలియనిదా?"

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని ముఖంలోకి చూశాను. కనబడలేదు. లేదో, నాకు కనబడకుండా చూసుకుందో తెలియదు. చూస్తాను అని వచ్చేశాను.

భోజనాల దగ్గర అబ్బాయికి చెప్పక తప్పలేదు. వాడు కంచం ముందునుంచి లేచినంత పని చేశాడు.

"మన తోటలో నువ్వు ఒడి దులిపి చూపించడమేంటమ్మా? నలుగురు వింటే ఏమనుకుంటారు? నేను ఇప్పుడే ఆయనకి ఫోన్ చేస్తాను. నువ్వు దర్జాగా వెళ్ళు."

"ఫోన్ చెయ్యకు."

"పోనీ మానెయ్యి. ఇంట్లోకి ఆ నడిచే మిషను కొంటాను."

"డబ్బులు దండగ. కరెంటు దండగ."

"మరేం చేస్తావు?"

"అన్నం తిను," అన్నాను.

బూట్లు గుమ్మం పక్కన పెట్టాను. తర్వాత తీసి మంచం కింద పెట్టాను. కాసేపటికి మళ్ళీ తీసి గుమ్మం పక్కన పెట్టాను.

మర్నాడు ఐదింటికి లేచాను. కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, బూట్లు వేసుకుని వెళ్ళాను. గేటు దగ్గర కంప పక్కకి లాగి ఉంది. ఆమె పాక ముందు పళ్ళు తోముకుంటోంది. రెండో ఎక్కంతో మొదలుపెట్టాను. రెండో చుట్టులో కంచె పక్క వరసలో ఒక బంగినపల్లి కాయ పడి ఉంది, ముచ్చిక దగ్గర సొన ఇంకా ఆరలేదు. నడుం సగం వంగింది. ఎనిమిదో ఎక్కం మధ్యలో ఆగిపోయింది. కాయను వదిలి ముందుకెళ్ళి, ఆ ఎక్కం మళ్ళీ మొదటినుంచి చెప్పుకున్నాను. పన్నెండో ఎక్కం అయ్యేసరికి గేటు దగ్గరికి వచ్చాను. అప్పటికి ఆమె అక్కడ నిలబడి ఉంది. బొడ్లోంచి కొంగు తీశాను, విప్పాను, రెండు చేతులతో పట్టుకుని దులిపాను. రెండు ఎండుటాకులు రాలాయి. ఆమె నా ముఖం చూడలేదు, కొంగు చూసింది. "వెళ్ళండి," అంది. ఇంటికి వచ్చాను. ఆ రోజు కోడలు టమాటా పప్పు చేసింది.